వెనక సీటు పాఠం

పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయి తిరిగి వస్తున్నాం. బండి నేను నడుపుతున్నాను. అమ్మ వెనక సీట్లో, రెండు కాళ్లూ ఎడమపక్కకి వేసుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. హనుమకొండ ఇంకా రాకముందే ఒక స్పీడ్ బ్రేకర్ దాటాం. అమ్మ చెయ్యి నా భుజం మీద గట్టిగా బిగుసుకుంది.

"ముప్ఫై యేండ్లు మీ బాపు ఎన్క గూసున్న. గిప్పుడు నీ ఎన్క గూసున్న. ఏం ఫరక్ లేదు బిడ్డా. నడుము అట్లనే ఇరుగుతాంది."

అమ్మ నవ్వుకుంటూనే అంది. ఆ తర్వాత అమ్మమ్మ వాళ్లింటి మామిడి చెట్టు గురించి మాట్లాడింది. నాకు మాత్రం ఇల్లు చేరేదాకా ఆ మాటే చెవుల్లో తిరిగింది. కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక బాపు బండి ముట్టడం మానేశాడు. నేను తీసుకున్నాను. అమ్మని ఆస్పత్రికి, బ్యాంకుకి, చుట్టాలిళ్లకి తీసుకుపోయే పని నాదయింది. మగవాడు నడిపితే వెనక కూర్చునే స్త్రీ, ఆ వెనక సీటు వదిలి ముందుకొచ్చే స్త్రీ అన్న ప్రతీకల మీద నేను వ్యాసాలు రాశాను, సెమినార్లలో మాట్లాడాను. ఇంట్లో ఆ ప్రతీక నిజమైందని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఆ గర్వంలో అమ్మ నడుము లెక్కకు రాలేదు.

ఈ వ్యాసంలో రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి చదువుతున్నాను. ఒకటి రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్'. రెండోది ఎవరూ సాహిత్యంగా చదవని పాఠం: బండితోపాటు వచ్చే చిన్న పుస్తకంలో, వెనక షాక్ అబ్జార్బర్లను ఇంట్లోనే ఎట్లా సర్దుకోవాలో చెప్పే ఒక్క పేజీ. ఈ రెండింటినీ ఇన్నాళ్లూ ముందు సీట్లో కూర్చునే చదివాను. వెనక సీట్లోంచి చదివితే ఏం కనిపిస్తుందన్నది నా ప్రశ్న.

ముందు ఆ ఒక్క పేజీ చూద్దాం. ఒక బొమ్మ, ఒక బాణం గుర్తు, కొక్కెం లాంటి స్పానర్, నాలుగు వాక్యాలు. ఒక్కరే పోతున్నప్పుడు కింది మెట్టు, వెనక మనిషిని గానీ సామాను గానీ ఎక్కించుకున్నప్పుడు పై మెట్టు. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి. విషయం ఇంతే, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ వాక్యాల వ్యాకరణం చూడండి. 'మీరు' అని పలకరించేది నడిపేవాళ్లని. చూసేది, తేల్చుకునేది, తిప్పేది ఆ 'మీరే'. వెనక మనిషి ఏ వాక్యంలోనూ కర్త కాదు. ఎక్కదు, ఎక్కించుకోబడుతుంది. సామానుతో కలిపి ఒకే గుంపులో, 'బరువు' కింద లెక్కకొస్తుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి తన పేరు మర్చిపోయి వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఈ పేజీలో వెనక మనిషికి మర్చిపోవడానికైనా పేరు లేదు.

కంపెనీ పుస్తకాన్ని ఇంతగా నిలదియ్యడం దేనికని అనిపించొచ్చు. అయితే ఈ వ్యాకరణం ఆ పేజీలో పుట్టింది కాదు. మన భాషలోనే ఉంది. భర్త, భార్య, భారం, మూడూ భృ అనే ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. మోసేవాడు భర్త, మొయ్యబడేది భార్య, మోసిందల్లా భారం. సంస్కృత వ్యాకరణం క్లాసులో ఇది విని మేమంతా నవ్వుకున్నాం. బండి విషయానికొచ్చేసరికి అది అక్షరాలా నిజమై కూర్చుంది. ఇంకో తమాషా ఏమిటంటే ఈ లెక్కలో నిజానికి మోసేది భర్త కూడా కాదు. రెండు స్ప్రింగులు.

చట్టం కూడా వెనక మనిషిని ఇట్లాగే పలకరిస్తుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం ప్రతి మోటార్ సైకిల్‌కీ వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకునే చోటుండాలి, వాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. ఆ వాక్యంలో చీర అన్న మాట ఎక్కడా రాదు. అయినా షోరూములో, స్పేర్ పార్టుల దుకాణంలో, వీధిలో అందరూ దాన్ని సారీ గార్డు అనే అంటారు. ఎవరి బట్టలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చీర చక్రంలో పడకూడదన్న జాగ్రత్త నియమంగా రాసుకున్నాం, మంచిదే. చీర కట్టుకున్న మనిషి వెన్నుపూస సంగతి స్పానర్‌కీ, మగవాళ్ల దయకీ వదిలేశాం.

ఇంతకీ ఆ మెట్లు తిప్పితే ఏమవుతుంది? అమ్మ మాట విన్న రాత్రి నుంచి ఇది తెలుసుకునే పనిలో పడ్డాను. వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే షాక్ అబ్జార్బర్లో రెండు పనులు జరుగుతాయి. బయటికి కనిపించే స్ప్రింగ్ బరువు మోస్తుంది. లోపల నూనె ఉన్న గొట్టం, నొక్కుకుపోయిన స్ప్రింగ్ ఒక్కసారిగా ఎగిరిపడకుండా నెమ్మదింపజేస్తుంది. మామూలు బండ్లలో మనం ఇంట్లో మార్చగలిగింది మొదటిదాన్నే. స్ప్రింగ్ కొసన మెట్లు మెట్లుగా కోసిన రింగు ఒకటి ఉంటుంది. ఆ రింగును తిప్పి పై మెట్టుకు తెస్తే స్ప్రింగ్ ఇంకొంచెం నొక్కుకుని కూర్చుంటుంది. దీన్నే ప్రీలోడ్ అంటారు. మనుషుల బరువు పడకముందే స్ప్రింగ్ మీద వేసి ఉంచిన బరువన్నమాట.

దీన్ని చాలామంది 'స్ప్రింగ్ గట్టి చెయ్యడం' అంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ స్ప్రింగ్ గట్టితనం ఏమీ మారదు. దాన్ని ఇంకో సెంటీమీటరు నొక్కడానికి ముందెంత బరువు కావాలో తర్వాతా అంతే కావాలి. మారేది, మనుషులు ఎక్కాక బండి ఎంత ఎత్తులో నిలబడుతుందన్నదే. బరువుకి తగ్గ మెట్టులో లేకపోతే కూర్చోగానే వెనక భాగం బాగా కుంగిపోతుంది. అప్పుడు గుంట వచ్చినా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా స్ప్రింగ్ ఇంకా దిగడానికి చోటుండదు. దారి అయిపోయి లోపలి రబ్బరు అడ్డుకు గుద్దుకుంటుంది, ఆ గుద్దు నేరుగా సీటుకు అందుతుంది. వెనక కుంగితే హెడ్‌లైట్ పైకి లేచి ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లల్లో కొడుతుంది కూడా. అట్లాగని అవసరానికి మించి పై మెట్టులో పెడితే చక్రం గుంటలోకి దిగడానికి చోటు తక్కువై సీటు మనిషిని ఎగరేస్తుంది.

ఇక్కడ ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యమవుతుంది. నడిపే మనిషి రెండు చక్రాల మధ్యలో కూర్చుంటుంది. ఆ బరువు రెండు చక్రాలూ పంచుకుంటాయి. వెనక మనిషి దాదాపుగా వెనక చక్రం ఇరుసు దగ్గరే కూర్చుంటుంది. అంచేత ఆ బరువులో ఎక్కువ భాగం వెనక స్ప్రింగులదే, వెనక చక్రానికి తగిలిన దెబ్బలో ఎక్కువ భాగం ఆ మనిషిదే. నడిపేవాళ్లకి గుంట ముందే కనిపిస్తుంది. కాళ్ల మీద బరువు వేసి కాస్త లేస్తారు, లేదా ఒళ్లు బిగబట్టుకుంటారు. వెనక మనిషికి కనిపించేది ముందు మనిషి వీపు. ఇక పక్కకి కూర్చున్న స్త్రీకి తొడలతో సీటును పట్టుకునే వీలుండదు. నడుము ఒక దిక్కుకీ, మెడ ఇంకో దిక్కుకీ తిరిగి ఉంటాయి. చెప్పాపెట్టకుండా వచ్చిన దెబ్బ అట్లా మెలితిరిగి ఉన్న వెన్నుకు తగులుతుంది. అమ్మ ముప్ఫై యేళ్లు ఈ స్థితిలో కూర్చుంది. కొన్నేళ్లు ఒళ్లో నేను, తర్వాత కొన్నేళ్లు ఒళ్లో తమ్ముడు.

పిర్సిగ్ పుస్తకాన్ని మళ్లీ తీసింది ఇదంతా తెలిశాకే. ఎం.ఏ.లో ఉన్నప్పుడు మొదటిసారి చదివాను. 1968లో తాను చేసిన ప్రయాణాన్ని ఆధారం చేసుకుని పిర్సిగ్ రాసిన పుస్తకమిది. కథకుడు పదకొండేళ్ల కొడుకు క్రిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని మినెసోటా నుంచి కాలిఫోర్నియాకి బయల్దేరతాడు. మోంటానా దాకా జాన్, సిల్వియా సదర్లాండ్ అనే దంపతులు ఇంకో బండి మీద తోడుగా వస్తారు. దారి పొడుగునా కథకుడు నాణ్యత గురించి, సాంకేతికత గురించి, తన గతంలోని పిచ్చి గురించి ఆలోచిస్తుంటాడు. బండి మరమ్మతు ఆ ఆలోచనకి ఆధారం. శ్రద్ధ ఉంటే స్పానర్ పట్టుకోవడం కూడా ధ్యానమే అన్న ఆ పుస్తకపు మాట మా హాస్టల్లో చాలామందిని పట్టుకుంది. నన్నూ పట్టుకుంది. ఇప్పటికీ ఆ మాట తప్పని నేననను.

అందులో ఒక చోట కథకుడు కంపెనీ మాన్యువల్ల మీద విరుచుకుపడతాడు. తనూ మాన్యువళ్లు రాసి బతికేవాడే. యంత్రానికీ తమకూ ఏ సంబంధమూ లేనట్టు, పక్కన నిలబడి చూసే ప్రేక్షకుల్లాగా వాటిని రాస్తారనీ, మనిషికీ పనికీ మధ్య బంధం అక్కడే తెగుతోందనీ అంటాడు. మాన్యువల్‌ని సాహిత్య విమర్శకురాలు చదవొచ్చని నాకు ధైర్యమిచ్చింది ఆ పేజీలే. అయితే ఆ విమర్శ వేళ్లు కథకుడి వైపు కూడా తిప్పాలి. మాన్యువల్ రాసేవాళ్లు ప్రేక్షకులని బాధపడే ఈ కథకుడి బండి మీద అసలైన ప్రేక్షకుడు ఒకడున్నాడు. ఆ పిల్లవాడికి చూడ్డానికి వీపు తప్ప ఏమీ లేదు.

పుస్తకం లోకాన్ని రెండు చూపులుగా విడదీస్తుంది. పైకి కనిపించే అందాన్నీ అనుభూతినీ చూసేది రొమాంటిక్ చూపు. లోపలి నిర్మాణాన్ని, కారణాల్ని చూసేది క్లాసికల్ చూపు. బండి నడపడం మొదటిదాని కిందికీ, మరమ్మతు రెండోదాని కిందికీ వస్తాయంటాడు. రొమాంటిక్ చూపుని ఉత్తర యూరప్ సంస్కృతులు స్త్రీత్వంతో జతచేశాయనీ, అట్లా చెయ్యాల్సిన పనేమీ లేదనీ కూడా తనే ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, సిల్వియాని మాత్రం ఆ గుంపులోనే కూర్చోబెడతాడు.

సిల్వియా ఇంట్లో కొళాయి కారుతుంటుంది. భర్త ఒకసారి వాషర్ మార్చి చూస్తాడు, కుదరదు, వదిలేస్తాడు. ఒకరోజు ఆమె మాట్లాడుతుంటే కొళాయి చప్పుడు ఆమె గొంతుతో పోటీ పడుతుంటుంది. అప్పుడే పిల్లలు అడ్డొస్తే ఆమెకి కోపం తన్నుకొస్తుంది, పిల్లల మీద అరుస్తుంది. కథకుడు దీన్ని చాలా నిశితంగా గమనిస్తాడు. ఆమె కోపం నిజానికి కొళాయి మీదనీ, దాన్ని లోపల అణుచుకుంటోందనీ, దాని వెనక ఆ దంపతులిద్దరికీ సాంకేతికత మీద ఉన్న భయముందనీ తేలుస్తాడు. నాకు అడగాలనిపించే ప్రశ్న ఇంకా చిన్నది. ఆ కొళాయి చప్పుడు రోజంతా వినేదెవరు? బాగుచెయ్యడం మానేసిందెవరు? వీటికి జవాబు ఒకరే అయ్యుంటే అది సాంకేతికత మీద భయమే అయ్యుండేది. ఇద్దరు వేరువేరు మనుషులైనప్పుడు అది ఇంటిపని సమస్య. లోపలి నిర్మాణం చూడగలనన్న క్లాసికల్ చూపు ఆ ఇంటి నిర్మాణాన్ని చూడలేదు.

ఇదే సిల్వియా పుస్తకం మొదట్లోనే ఒక గొప్ప మాట అంటుంది. పొద్దున్నే ఎదురుగా వస్తున్న కార్లలో ఒకరి తర్వాత ఒకరుగా మనుషుల మొహాలు ఎంత దిగులుగా ఉన్నాయో, శవయాత్రలో పోతున్నవాళ్లలాగా ఉన్నారని చెబుతుంది. వాళ్లంతా ఉద్యోగాలకి పోతున్నవాళ్లే. రోడ్డు మీద ఉన్న మనుషుల్ని చూసి దిగులుపడ్డది వెనక సీటు స్త్రీ. నాణ్యత అంటే ఏమిటని నాలుగు వందల పేజీలు వెతికిన మనిషి ఆ మాటను విని రాసుకున్నాడు, అందుకు మెచ్చుకుంటాను. అక్కడొక ఆలోచన మొదలైందనీ, దాన్ని మొదలుపెట్టింది సిల్వియా అనీ మాత్రం గుర్తించినట్టు నాకనిపించదు.

క్రిస్ సంగతి ఇంకా కష్టం. దారిలో పిల్లవాడికి కడుపునొప్పి. అది మానసిక వ్యాధికి మొదటి లక్షణం కావచ్చని వైద్యులు అన్నారన్న భయం తండ్రిలో ఉంది. తల్లి ఈ ప్రయాణంలో లేదు, ఇంటి దగ్గరుండిపోయింది. తండ్రి తన ఆలోచనల్లో తాను ముందు కూర్చుంటాడు, కొడుకు వెనక. పుస్తకం చివర్లో ఇద్దరూ హెల్మెట్లు తీసేస్తారు, మాటలు వినపడతాయి. క్రిస్ పెడళ్ల మీద లేచి నిలబడి తండ్రి భుజాల మీదుగా మొదటిసారి రోడ్డు చూస్తాడు. అంతకుముందు నాకేమీ కనిపించలేదని చెబుతాడు. పెద్దయ్యాక నాకూ బండి కొనిస్తావా అని అడుగుతాడు. చూసుకుంటానంటే సరేనంటాడు తండ్రి.

ఎం.ఏ.లో ఈ ఘట్టం చదివి ఏడ్చాను. ఈసారి ఏడుపుతోపాటు కోపం వచ్చింది. వందల మైళ్ల ప్రయాణం, దానికి తగ్గ తత్వశాస్త్రం అయిపోయాక గానీ వెనక కూర్చున్న మనిషికి ఏమీ కనిపించడం లేదన్న సంగతి ముందు కూర్చున్న మనిషికి తెలియలేదు. ఆ సంగతిని దాచకుండా పుస్తకం చివర నిలబెట్టినందుకు పిర్సిగ్ గొప్ప రచయిత. మరమ్మతు గురించిన తన ఆలోచనంతా ఆ వాక్యం వెలుగులో మళ్లీ మొదలుపెట్టనందుకు ఆ పుస్తకం నాకు సగంలో ఆగినట్టు అనిపిస్తుంది. ప్లగ్గులు, ట్యాపెట్లు, చెయిన్, ఇంజన్ చప్పుడు, వీటన్నిటినీ కథకుడు చెవి పెట్టి వింటాడు. శ్రద్ధ ఉన్నవాడే. ఆ శ్రద్ధ యంత్రం దాకా పోయి అక్కడే ఆగింది, సీటు మీద ఉన్న ఒంటి దాకా రాలేదు.

మరి స్త్రీలు రాసిన, స్త్రీలు చేసిన ప్రయాణాల సంగతేమిటి? మన జవాబు ఇన్నాళ్లూ ఒక్కటే: ముందు సీటుకి రావడం. మెలిస్సా హోల్‌బ్రుక్ పియర్సన్ 1997లో 'ది పర్ఫెక్ట్ వెహికల్' రాసింది. మోటో గుజ్జి బండి నడిపిన స్త్రీ తన ఇష్టాన్ని, భయాన్ని తనే చెప్పుకున్న పుస్తకం. అంతకు చాలా ముందు, 1915లోనే, ఎఫీ హాచ్‌కిస్ అనే యువతి హార్లీ డేవిడ్‌సన్ మీద న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పోయి తిరిగొచ్చింది. సైడ్ కార్లో కూర్చున్నది ఆమె తల్లి ఏవిస్. దారిలో ట్యూబులు అయిపోతే దుప్పటి కోసి, చుట్టలు చుట్టి టైరులో కూరి బండి నడిపారట. తల్లీకూతుళ్ల ఈ ప్రయాణం గురించి మొదట చదివినప్పుడు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇప్పుడు మాత్రం ఆ సైడ్ కార్లో కూర్చున్న ఏవిస్ వైపు మనసు పోతోంది. అప్పటి మట్టి రోడ్ల మీద, ఆ పక్కబండిలో, ఆమె ఒళ్లు ఏమైంది? ఆమె రాసి ఉంటే ఆ పుస్తకం ఎట్లా ఉండేది?

ముందు సీటుకి రావడం అవసరమే. నేనే వచ్చాను, వెనక్కి పోదల్చుకోలేదు. కానీ ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి.

బాపు దగ్గర్నుంచి బండి తీసుకున్న కొత్తలో నా కాళ్లు నేలకి సరిగ్గా ఆనేవి కావు. నేను పొట్టిదాన్ని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చేది, పక్కనున్న మగవాళ్లు చూసేవాళ్లు. మెకానిక్‌ని అడిగితే వెనక రింగులు తిప్పి బండిని కాస్త కిందికి దించాడు. పాదాలు ఆనాయి, ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు అతను చేసిందేమిటో అమ్మ మాట తర్వాత కూర్చుని చూస్తే అర్థమైంది. బాపు రెండో మెట్టులో ఉంచుకున్న స్ప్రింగులు నా సౌకర్యం కోసం మొదటి మెట్టుకు దిగాయి. ఏం ఫరక్ లేదని అమ్మ మర్యాద కోసమే అంది. నిజానికి ఫరక్ ఉంది. బాపు వెనక కన్నా నా వెనకే ఆమెకి ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయి.

దీనికి నాకు తెలిసిన సిద్ధాంతంలో సులువైన చోటు దొరకలేదు. నేను మగవాణ్ణి కాదు. అమ్మ మీద అధికారం చూపించాలని అనుకోలేదు. బండ్లు మగవాళ్ల ఎత్తుకి కట్టిన లోకంలో నా పాదాలు నేలకి ఆనాలని కోరుకోవడం న్యాయమే. కానీ ఆ న్యాయం ఖర్చు నా వెనక కూర్చున్న స్త్రీ నడుము మీద పడింది, నాకు తెలియనే లేదు. ఎందుకు తెలియలేదంటే నేను ముందు కూర్చున్నాను, గుంట నాకు కనిపిస్తోంది, నా ఒళ్లు ముందే సర్దుకుంటోంది. ఆ మతిమరుపు బాపుకీ నాకూ ఆ సీటు ఇచ్చిందే. ఇల్లు చూసుకునే స్త్రీల మీద నిలబడి చదువుకున్న, ఉద్యోగాలు చేసిన మనకి, పనిమనిషి వస్తే గానీ సెమినారుకు కదలలేని మనకి, ఇది కొత్త సంగతి కాదు. తెలిసి కూడా ఎప్పటికప్పుడు మర్చిపోయే సంగతి.

తర్వాతి ఆదివారం ఇంటి ముందు బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టాను. స్పేర్ పార్టుల దుకాణంలో కొక్కెం స్పానర్ కొన్నాను. పాత పళ్ల బ్రష్షుతో, కిరోసిన్‌తో రింగుల చుట్టూ పట్టిన మట్టి, తుప్పు వదిలించాను. షాక్ కడ్డీల చుట్టూ గుడ్డతో తుడిచి నూనె కారుతోందేమో చూశాను. నూనె కారిపోయి ఉంటే ఎన్ని మెట్లు తిప్పినా లాభం లేదు, రెండూ మార్చాల్సిందే. అదృష్టం, పొడిగానే ఉన్నాయి.

స్ప్రింగ్ ఎంత కుంగుతోందో కొలవడానికి ముగ్గురు మనుషులు కావాలి. నడిపేవాళ్లు ఒకరు, వెనక కూర్చునేవాళ్లు ఒకరు, టేపు పట్టేవాళ్లు ఒకరు. టేపు బాపు చేతికిచ్చాను. ఆపరేషన్ చేసిన కళ్లకి అద్దాలు పెట్టుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, వెనక ఇరుసు నట్టు దగ్గర్నుంచి సీటు కింద నేను సుద్దతో పెట్టిన గీత దాకా కొలిచాడు. చక్రం గాలిలో ఉన్నప్పుడు 412 మిల్లీమీటర్లు. స్టాండ్ తీసి నేనొక్కదాన్నే కూర్చుంటే 386. అమ్మ కూడా ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే పక్కకి కూర్చుంటే 356.

బాపు నమ్మలేదు. "ఒక్కసారి దిగి మళ్ల ఎక్కు" అన్నాడు అమ్మతో. అమ్మ దిగి మళ్లీ ఎక్కింది. మళ్లీ అదే అంకె. "గింత దిగుతదా!" అని టేపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ బండి మీంచే అంది, "ముప్ఫై యేండ్లు చెప్పిన. టేపు పెడ్తెనే నమ్ముతరు."

మా బండి వెనక చక్రం మొత్తం కదిలేదే తొమ్మిది సెంటీమీటర్ల లోపు. మనుషుల బరువుకి అందులో మూడో వంతు కుంగితే సరిపోయినట్టని సాధారణంగా లెక్క. మాది కూర్చోగానే సగం దాటిపోతోంది. స్పానర్ కొక్కెం రింగు గాడిలో పెట్టి ఒక్కో మెట్టే తిప్పాను. కుడిపక్క తేలిగ్గానే తిరిగింది. ఎడమపక్క సారీ గార్డు అడ్డొచ్చింది, స్పానర్ తిప్పడానికి చోటు లేదు. దాన్ని విప్పి, రింగు తిప్పి, మళ్లీ బిగించాల్సి వచ్చింది. అమ్మ చీర కోసం పెట్టిన కంచె అమ్మ నడుముకి చెయ్యాల్సిన పనికి అడ్డంగా ఉండటం చూసి ముగ్గురం నవ్వుకున్నాం.

మూడో మెట్టులో ఇద్దరం కూర్చుంటే 365 వచ్చింది. నాలుగో మెట్టులో 370. అంకెల ప్రకారం నాలుగోదే నయం. పుస్తకంలో పేజీ చెప్పేదీ పై మెట్టే. కానీ ఈసారి అంకెతో ఆపకుండా రెండు మెట్లలోనూ అమ్మని వెనక కూర్చోబెట్టుకుని మా వీధి చివరున్న స్పీడ్ బ్రేకర్ మీదుగా పోయొచ్చాను. నాలుగో మెట్టులో గుద్దడం లేదు గానీ ఎగరేస్తోందని అమ్మ చెప్పింది. పిడి వదిలితే పడిపోతానేమో అనిపించిందట. మూడోదాంట్లో దెబ్బ మెత్తగా తెలుస్తోందంది. అమ్మ బరువు నలభై ఎనిమిది కిలోలు. మాన్యువల్ రాసినవాళ్లు ఊహించుకున్న వెనక మనిషి ఎవరో గానీ అమ్మ మాత్రం కాదు. మూడో మెట్టులోనే ఉంచాం. అమ్మ ఒళ్లు చెప్పిన దాన్నిబట్టి మేం చేసిన మొదటి మరమ్మతు అది.

మూడో మెట్టులో సీటు కాస్త లేచింది. ఇరుసు దగ్గర కొలిస్తే తొమ్మిది మిల్లీమీటర్లు, ముందున్న నా సీటు దగ్గర ఇంకా తక్కువే. అయినా నా మడమలు మళ్లీ నేల వదిలాయి. నేనొక్కదాన్నే పోయే రోజున కిందికి దించుకుని, అమ్మ ఎక్కే రోజున పైకి పెట్టొచ్చు. సారీ గార్డు విప్పి బిగించడంతో సహా అరగంట పని. రోజూ చెయ్యనని నాకు తెలుసు. చెయ్యకపోతే ఏ మెట్టులో వదిలేస్తానన్నది ఇప్పుడు నా ముందున్న ప్రశ్న. ప్రస్తుతానికి మూడులోనే ఉంది. సిగ్నళ్ల దగ్గర మునివేళ్ల మీద నిలబడుతున్నాను.

వచ్చే ఏడాది ప్రయాణ సాహిత్యం క్లాసులో పిర్సిగ్ పుస్తకాన్ని మళ్లీ చెప్పాలి. ఈసారి దాని పక్కన ఆ నాలుగు వాక్యాల పేజీని కూడా జెరాక్స్ తీసి ఇద్దామనుకుంటున్నాను. ఏ వాక్యంలో ఎవరు కర్త, ఎవరు బరువు, ఆ బరువుని ఎవరైనా ఏమైనా అడిగారా అని చూడమంటాను. మొన్న ఈ మాట చెబితే అమ్మ, "పేజీలు ఇస్తే ఏం తెలుస్తది? ఒక్కొక్కల్ని ఎన్క గూసోబెట్టి పరకాల దాంక తీస్కపో" అంది.